చిల్లర వర్తకంలో పోటీ ఆధిక్యం – నిర్మాణం, క్షయం: ఏ అండ్ పీ సంస్థ చరిత్ర (1859–2015)

ఉపోద్ఘాతం

చిల్లర వర్తకంలో దాచుకోదగిన రహస్యాలు తక్కువ. కర్మాగారానికి పేటెంటు రక్షణ ఉండవచ్చు. అంగడిలో మాత్రం ధర, సరుకు, అమరిక అన్నీ అందరి కళ్లెదుటే ఉంటాయి. ఎదుటి వర్తకుడు ఒకసారి లోపలికి వచ్చి చూసి వెళితే చాలు. ఇంత సులభంగా అనుకరించగల వ్యాపారంలో ఒక సంస్థ నాలుగు దశాబ్దాలకు పైగా అగ్రస్థానంలో నిలిచింది. అది అమెరికాలోని గ్రేట్ అట్లాంటిక్ అండ్ పసిఫిక్ టీ కంపెనీ. ప్రజల వాడుకలో ఏ అండ్ పీ. దాని పతనానికి సూపర్ మార్కెట్ల రాకను, ప్రభుత్వం నడిపిన అభియోగాలను కారణాలుగా చెప్పడం పరిపాటి. కాలక్రమాన్ని పరిశీలిస్తే ఈ రెండూ సరిపోవు. ఆ రెండు గండాలనూ సంస్థ దాటింది. క్షీణత ఆ తర్వాతనే మొదలైంది.

తేయాకు నుంచి చౌక అంగడి దాకా

1859లో న్యూయార్క్‌లో జార్జ్ గిల్మన్ ప్రారంభించిన తేయాకు వ్యాపారం ఈ సంస్థకు మూలం. ఖండాంతర రైలుమార్గం పూర్తయిన 1869లో దానికి ఆ సుదీర్ఘమైన పేరు పెట్టారు. 1878లో జార్జ్ హంటింగ్టన్ హార్ట్‌ఫర్డ్ చేతికి నిర్వహణ వచ్చింది. ఆయన తరువాత కుమారులు జార్జ్, జాన్ దానిని నడిపారు. 20వ శతాబ్ది ఆరంభంలో ఈ దుకాణాలు కూడా ఇతర దుకాణాల వంటివే: అరువు ఇవ్వడం, సరుకు ఇంటికి చేర్చడం, కొనుగోలుదారులకు బహుమతి వస్తువులు పంచడం మామూలు. ఈ సదుపాయాల ఖర్చంతా చివరకు సరుకు ధరలోనే కలిసేది.

1912లో జాన్ హార్ట్‌ఫర్డ్ జెర్సీ సిటీలో 'ఎకానమీ స్టోర్' పేరిట ఒక చిన్న అంగడి తెరిచాడు. అక్కడ అరువు లేదు, ఇంటికి చేరవేత లేదు, బహుమతులు లేవు. ఒక్క మనిషి నడపగలిగినంత కొట్టు. అప్పటికి సంస్థకు నాలుగువందల పైచిలుకు దుకాణాలుండగా 1930 నాటికి వాటి సంఖ్య పదిహేను వేలు దాటింది. ఏడాది అమ్మకాలు వందకోట్ల డాలర్లు మించాయి.

ఈ విస్తరణకు ఆధారమైన ఆలోచన ఒక చిన్న లెక్కలో ఇమిడి ఉంది. వంద పౌండ్ల వెన్నను పౌండుకు రెండు సెంట్ల లాభంతో అమ్మడం కన్నా రెండు వందల పౌండ్లను ఒక్క సెంటు లాభంతో అమ్మడం మేలని జాన్ హార్ట్‌ఫర్డ్ అభిప్రాయం. రెండు విధాలా వచ్చేది రెండు డాలర్లే. పైగా రెండవదానిలో శ్రమ ఎక్కువ. ఒక్క రోజు లాభమే చూసుకునే వర్తకుడికి ఇది తెలివితక్కువ బేరంగా తోస్తుంది. కానీ రెండింతలు అమ్మినవాడు రెండింతలు కొంటాడు. అమ్మేవాడితో బేరమాడే శక్తి అతనికి పెరుగుతుంది. సరుకు నిలవ ఉండదు కనుక పాడయ్యేది, చిక్కుకున్న పెట్టుబడి రెండూ తగ్గుతాయి. ఆ మిగులు మళ్లీ ధర తగ్గింపుగా మారి మరింత మంది కొనుగోలుదారులను రప్పిస్తుంది. బేరం కుదరని చోట సంస్థ తానే ఉత్పత్తిదారు అయింది: రొట్టెల బట్టీలు, పాల డబ్బాల కర్మాగారాలు, అలాస్కాలో చేపల క్యానింగ్ కేంద్రాలు, బ్రెజిల్‌లో కాఫీ కొనుగోలు వ్యవస్థ ఏర్పడ్డాయి.

పోటీదారులకు ధర కనిపించింది. ఆ ధరను భరించగల ఓపిక ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపించలేదు. సంస్థ పూర్తిగా కుటుంబం చేతిలో ఉంది. లాభం పెంచమని ఒత్తిడి చేసే బయటి వాటాదారులు లేరు. దుకాణాలను స్వల్పకాలిక అద్దె ఒప్పందాలపై తీసుకునేవారు. జనం తరలిపోతే అంగడి కూడా తరలిపోయేది.

రెండు గండాలు

1930లో న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో మైకేల్ కల్లెన్ ఒక పాత గ్యారేజీలో 'కింగ్ కల్లెన్' పేరిట విశాలమైన స్వయంసేవా విపణిని తెరిచాడు. ఈయన ఒకప్పుడు ఏ అండ్ పీలోనే ఏళ్ల తరబడి పనిచేసినవాడు కావడం గమనార్హం. హార్ట్‌ఫర్డ్ సోదరులు కొన్నేళ్లు తటపటాయించారు. 1930వ దశకం నడుమ నుంచి మాత్రం తమ చిన్న అంగళ్లను తామే మూసివేసి, కొన్నిటి స్థానంలో ఒక్కొక్క సూపర్ మార్కెట్ నిర్మించారు. 1950 నాటికి దుకాణాలు ఐదు వేలకు దిగువకు వచ్చాయి; అమ్మకాలు మూడు వందల కోట్ల డాలర్లు దాటాయి. పద్దెనిమిదేళ్లు కట్టిన దాన్ని తమ చేతులతోనే కూల్చుకోగలిగిన ఈ నిబ్బరాన్ని చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదనిపిస్తుంది.

రెండవ గండం రాజకీయం. ఊరూరా కిరాణా వర్తకుల జీవనాధారం దెబ్బతింటున్న మాట నిజం. వారి ఆక్రోశం కల్పితం కాదు. టెక్సస్ ప్రతినిధి రైట్ ప్యాట్‌మన్ చొరవతో 1936లో రాబిన్సన్–ప్యాట్‌మన్ చట్టం వచ్చింది. పెద్ద కొనుగోలుదారుకు ప్రత్యేకంగా ధర తగ్గించడాన్ని అది నియంత్రించింది. దుకాణాల సంఖ్యను బట్టి పెరిగే పన్నును 1938లో ప్రతిపాదించారు. అమలై ఉంటే అది సంస్థ వార్షిక లాభాన్ని ఎన్నో రెట్లు మించేది. సంస్థ పత్రికా ప్రకటనలతో, రైతుల మద్దతుతో, కార్మిక సంఘాలతో ఒప్పందాలతో దానిని ఎదుర్కొంది. 1940లో ఆ బిల్లు వీగిపోయింది. తరువాత గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద నడిచిన కేసులో 1946లో సంస్థను దోషిగా తేల్చి 1,75,000 డాలర్ల జరిమానా విధించారు. 1949లో పై కోర్టు ఆ తీర్పును సమర్థించింది. తక్కువ ధరకు అమ్మడం ఏ మేరకు నేరమన్న వాదం ఇప్పటికీ ముగియలేదు. భారతదేశంలో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడిని 2012లో అనుమతించినప్పుడు సాగిన చర్చలోనూ ఈ వాదాలే చాలావరకు వినిపించాయి.

చేతులు మారిన ఆస్తి

జాన్ 1951లో, జార్జ్ 1957లో మరణించారు. ఇద్దరికీ సంతానం లేదు. వాటాలలో పెద్ద భాగం జాన్ హార్ట్‌ఫర్డ్ పేరిట ఉన్న ధర్మనిధికి, తక్కినవి బంధువర్గానికి చేరాయి. వైద్య పరిశోధనకు ధనసహాయం చేసే ఆ నిధికి క్రమం తప్పని డివిడెండు అవసరం. అది న్యాయమైన అవసరమే. కానీ ఒక్క సెంటు లాభంతో సరిపెట్టుకునే పూర్వపు ఓపికకు అందులో చోటు లేదు.

అంతకన్నా విచిత్రం, వారసులు హార్ట్‌ఫర్డ్ పద్ధతులను వదిలిపెట్టలేదు. అక్షరం తప్పకుండా పాటించారు. యుద్ధానంతరం జనం శివారు కాలనీలకు తరలారు. అక్కడి షాపింగ్ సెంటర్లలో స్థలం కావాలంటే దీర్ఘకాలిక ఒప్పందం, హెచ్చు అద్దె తప్పవు. స్వల్పకాలిక అద్దెకు అలవాటుపడిన సంస్థ వెనకాడి పాత పట్టణ వీధుల్లోనే ఉండిపోయింది. ఎక్కడికైనా కదలడం కోసం ఏర్పరచుకున్న నియమమే కదలనివ్వలేదు. సొంత కర్మాగారాల విషయమూ అంతే. టెలివిజన్ ప్రకటనలు చూసిన గృహిణులు దేశమంతటా పేరున్న బ్రాండ్లను అడుగుతూ ఉంటే, సంస్థ 1960వ దశకంలో న్యూయార్క్ రాష్ట్రంలోని హార్స్‌హెడ్స్‌లో భారీ ఆహార కర్మాగారాన్ని నిర్మించింది. దాని ఉత్పత్తితో అరలు నిండాయి, అడిగేవారు తగ్గారు.

1972లో ధరలు ఒక్కసారిగా తగ్గించి పూర్వవైభవం తిరిగి తేవాలని ప్రయత్నించారు. 1912లో ఖర్చు తగ్గాక ధర తగ్గింది. 1972లో ఖర్చు అలాగే ఉండగా ధర తగ్గింది. ఆ ఏడాది నష్టం ఐదు కోట్ల డాలర్లు దాటింది. కొద్దికాలానికే సేఫ్‌వే అమ్మకాలలో ముందుకు వెళ్లింది. 1979లో జర్మనీకి చెందిన టెంగెల్‌మన్ సంస్థ పెద్ద వాటా చేజిక్కించుకుంది. 2010లో ఒకసారి, 2015లో మరొకసారి దివాలా రక్షణ కోరిన తరువాత మిగిలిన దుకాణాలు అమ్ముడుపోయాయి, లేదా మూతపడ్డాయి.

సంస్థ సొంత సరుకుల్లో ప్రసిద్ధమైన 'ఎయిట్ ఓ క్లాక్' కాఫీ మాత్రం ముందే విడిగా అమ్ముడైంది. 2006లో దానిని టాటా కాఫీ కొనుగోలు చేసింది. ఒకప్పుడు ఏ అండ్ పీ అంగళ్లలో మాత్రమే దొరికిన ఆ పొట్లం ఇప్పుడు అమెరికాలో దాని పాత పోటీదారుల దుకాణాలలో లభిస్తోంది.