అమెరికాలో వలస వ్యాపారి: పనిపై ఆంక్షల చరిత్ర

అమెరికా వలస చట్టాల్లో వ్యాపారిని కూలీ నుంచి వేరుచేసే గీత తొలుత చైనీయుల విషయంలోనే గట్టిగా పడింది. 1882 నాటి చైనీయుల బహిష్కరణ చట్టం శ్రామికుల రాకను నిషేధించి వర్తకులను మినహాయించినా, వర్తకుడంటే ఎవరో 1893 సవరణ వచ్చేదాకా చట్టంలో స్పష్టంగా లేదు. స్థిరమైన చోట, తన పేరు మీద సరుకులు కొని అమ్మేవాడే వర్తకుడనీ, సొంత వ్యాపారం నడవడానికి అవసరమైనంత మేరకు తప్ప అతడు శరీర కష్టం చేయకూడదనీ ఆ సవరణ నిర్దేశించింది. తన దుకాణం ముందు మూటలు దించుకుంటే తప్పు లేదు గానీ, పక్క దుకాణంలో కూలికి దించితే వర్తకుడి హోదా పోయేది. స్వదేశానికి వెళ్లి తిరిగి వచ్చేవాడు, బయలుదేరడానికి ముందు ఏడాది పాటు ఈ నియమానికి లోబడి ఉన్నట్లు చైనీయులు కాని ఇద్దరు సాక్షుల చేత చెప్పించుకోవలసి వచ్చేది. సొంత పెట్టుబడితో లాండ్రీ పెట్టుకున్నవాడు సరుకు అమ్మడు, బట్టలు ఉతుకుతాడు కాబట్టి అతడిని శ్రామికుడిగానే లెక్కగట్టడం ఈ నిర్వచనంలోని అన్యాయాన్ని బయటపెడుతుంది.

వాణిజ్య, నౌకాయాన ఒప్పందం ఉన్న దేశాల వర్తకులకు 1924 చట్టం ప్రవేశం కల్పించగా, 1952 చట్టం వారి సరసన పెట్టుబడిదారునీ చేర్చింది. నేటి ఈ-2 వీసాకు మూలం అదే. గణనీయమైన మొత్తం పెట్టిన సంస్థను వృద్ధి చేయడానికి, దాని కార్యకలాపాలను నిర్దేశించడానికి మాత్రమే అతడు రావాలని చట్టం చెబుతుంది; ఆ సంస్థ అతడి కుటుంబాన్ని పోషించడంతో సరిపెట్టుకోకూడదని నిబంధనలు అంటాయి. బేరం తగ్గిన నెలల్లో హోటల్ అద్దె కట్టడానికి సాయంత్రాలు మరోచోట జీతానికి పనిచేద్దామన్నా యజమానికి వీలుండదు. 2002లో వచ్చిన చట్టంతో అతడి జీవిత భాగస్వామికి మాత్రం ఎక్కడైనా ఉద్యోగం చేసుకునే హక్కు దక్కింది. సొమ్ము పెట్టినవారికి లేని స్వేచ్ఛ వారి వెంట వచ్చినవారికి ఉండటానికి సరైన సమర్థన కనిపించదు.

భారతదేశానికి అమెరికాతో అటువంటి ఒప్పందం లేదు గనుక భారత పౌరులకు, వారిలో భాగంగా తెలుగువారికి, ఈ-2 దారి మూసే ఉంది. హెచ్-1బీ మీద ఉన్న తెలుగు ఇంజనీరు ఒక కంపెనీలో వాటా కొనవచ్చు గానీ, ఆ కంపెనీ తన తరఫున దరఖాస్తు చేసి అనుమతి పొందితే తప్ప అందులో పనిచేయకూడదు. ఈ స్థితిలో ఉన్నవారి చూపు 1990 చట్టంతో వచ్చిన ఈబీ-5 వైపు మళ్లడం సహజం. కనీసం 10 ఉద్యోగాలు సృష్టించే పెట్టుబడికి ప్రతిఫలంగా అది మొదట రెండేళ్ల షరతుతో కూడిన గ్రీన్ కార్డు ఇస్తుంది. ఆ కార్డు చేతికి వచ్చిన నాటి నుంచి ఏ పనైనా, ఎవరి దగ్గరైనా చేసుకోవచ్చు. ఒప్పంద వీసా విధించే కట్టడి ఇక్కడ లేదు, కానీ దాని వెల సామాన్యమైనది కాదు: 2022 సంస్కరణ చట్టం ఆ మొత్తాన్ని సాధారణంగా 10.5 లక్షల డాలర్లుగా, గ్రామీణ ప్రాంతాల్లోనూ నిరుద్యోగం ఎక్కువగా ఉన్నచోట్లా 8 లక్షల డాలర్లుగా నిర్ణయించింది. వీసా సంఖ్య అందుబాటులో ఉన్నప్పుడు, అప్పటికే చట్టబద్ధంగా అమెరికాలో ఉన్న దరఖాస్తుదారు పెట్టుబడి పత్రాలతో పాటే గ్రీన్ కార్డుకూ దరఖాస్తు చేసి, నిర్ణయం వచ్చేలోగా పని అనుమతి పొందే వెసులుబాటు కూడా ఆ చట్టంతోనే వచ్చింది.