ఎండకు రంగులు ఎందుకు వెలుస్తాయి? పాత పోస్టర్లో నీలమే ఎందుకు మిగులుతుంది?

గోడ మీద నెలల తరబడి ఎండకు ఉన్న సినిమా పోస్టర్లో ఎరుపు, పసుపు దాదాపు కనిపించవు. హీరో ముఖంతో సహా అంతా పాలిపోయిన నీలంగా మారుతుంది. వానకు తడిసి రంగు పోయిందని చాలామంది అనుకుంటారు. కానీ వాన చుక్క పడని షాపు అద్దం వెనక బొమ్మలకూ ఇదే జరుగుతుంది. అసలు కారణం వెలుతురు.

రంగు పదార్థంలోని అణువులు తెల్లని కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుంటాయి. మిగిలినదే మన కంటికి రంగుగా కనిపిస్తుంది. అణువులో ఈ పని చేసే భాగాన్ని క్రోమోఫోర్ అంటారు. పీల్చుకున్న శక్తి చాలావరకు వేడిగా మారిపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం అది అణువులోని బంధాన్నే తెంచుతుంది, లేదా గాలిలోని ఆక్సిజన్‌తో చర్యకు దారితీస్తుంది. దాంతో రంగు పుట్టించే అమరిక చెదిరిపోతుంది. రంగు మీద దుమ్ము పేరుకోవడం వేరు, ఇది వేరు. ఎంత ఉతికినా, తుడిచినా వెలిసిన రంగు తిరిగి రాదు.

400 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం ఉండే అతినీలలోహిత కిరణాలకు ఈ శక్తి ఎక్కువ. మామూలు కిటికీ అద్దం వాటిలో కొన్నింటినే ఆపుతుంది. పైగా కంటికి కనిపించే కాంతి కూడా నష్టం చేస్తుంది. అందుకే అద్దాల తలుపు వేసినా కర్టెన్లు వెలుస్తాయి.

పోస్టర్ల ముద్రణలో నీలానికి సాధారణంగా రాగి ఉండే థాలోసయనిన్ వాడతారు. ఇది ఎండకు గట్టిగా నిలుస్తుంది. నలుపులో ఉండే కార్బన్ కూడా అంతే. ముందుగా పోయేవి ఎరుపు, పసుపు సిరాలే.

ఇదే కథ కలంకారీలోనూ ఉంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం సహా కోరమాండల్ తీరం నుంచి యూరప్‌కు వెళ్లిన అద్దకం బట్టలకు ఉతికినా రంగు పోదన్న పేరుండేది. చిరివేరు ఎరుపును పటిక పట్టి ఉంచేది. నీలానికి నీలిమందు వాడేవారు. ఆకుపచ్చ కోసం మాత్రం నీలం మీద పసుపు రంగు పూసేవారు. ఆ పసుపు వెలుతురుకు ఆగలేదు. ఫలితంగా మ్యూజియాల్లో నేడు కనిపించే ఆ బట్టల మీద చాలా ఆకులు నీలంగా ఉంటాయి. వాటిని కళాకారుడి ఊహ అనుకుంటే పొరపాటే.

వంటింటి పసుపు మరకను ఎండలో ఆరేస్తే తగ్గిపోతుందని ప్రతి ఇంట్లో తెలుసు. దాని రంగుకు మూలమైన కర్క్యుమిన్ వెలుతురుకు త్వరగా విరిగిపోతుంది. ఉతుకుకు నిలవడం, ఎండకు నిలవడం రెండు వేర్వేరు గుణాలు. రెండోదాన్ని 1 నుంచి 8 వరకు ఉండే బ్లూ వూల్ స్కేల్‌తో కొలుస్తారు. చీర కొనేటప్పుడు దుకాణదారు హామీ ఇచ్చేది దాదాపు ఎప్పుడూ మొదటి గుణం గురించే.

వార్తాపత్రికది మాత్రం తిరగేసిన వ్యవహారం. కలప గుజ్జులో మిగిలిన లిగ్నిన్ వెలుతురుకు, గాలికి మారి కాగితానికి పసుపు రంగు తెస్తుంది.

ఈ నష్టం రోజురోజుకూ జమ అవుతుంది. 100 లక్స్ వెలుతురులో 5 గంటలు, 50 లక్స్‌లో 10 గంటలు దాదాపు సమానం. అందుకే పాత బట్టలు, నీటి రంగుల చిత్రాలు ఉన్న గదుల్లో మ్యూజియాలు సాధారణంగా 50 లక్స్ దాటనివ్వవు. నడి ఎండలో ఇది లక్ష లక్స్ వరకు ఉంటుంది.

ఏటీఎం స్లిప్పులు, చాలా షాపుల బిల్లుల్లో అసలు సిరాయే ఉండదు. కాగితం మీది పూత వేడికి నల్లబడి అక్షరాలవుతుంది. ఎండ, వేడి తగిలితే అవి మాయమవుతాయి. వారంటీ ఉన్న వస్తువు బిల్లును కొన్న వారంలోనే జిరాక్స్ తీయించుకోవాలి. జిరాక్స్ నలుపులో ఉండేది కార్బన్ కాబట్టి అది చాలా ఏళ్లు ఉంటుంది.