తెప్ప విప్పే విద్య

మా చోడవరానికి సముద్రం లేదు. పూడిమడక దాకా వెళితేగాని అల కనబడదు. శీతల దేశాలలో మంచుకు జడిసి తెరచాప పడవలను ఒడ్డెక్కిస్తారు. మన తీరానికి జడుపు తుఫానులది. 1746 అక్టోబరులో మద్రాసు రేవులోని ఫ్రెంచి నౌకలను ఒక్క తుఫాను ఛిన్నాభిన్నం చేసింది.

ఉత్తరాంధ్ర జాలరుల తెప్పకు రక్ష దాని నిర్మాణంలోనే ఉండేది. రెండు సగాలుగా చేసి, వేటకు తాళ్లతో కలిపికట్టేవారు. తిరిగి రాగానే విప్పి, ఒడ్డుకు లాగి ఆరబెట్టేవారు. నీరు తాగిన దుంగ బరువెక్కుతుంది, పురుగు తొలుస్తుంది. కొబ్బరినార తాటితో కుట్టిన మసూలా పడవకు కుట్లు విప్పి తిరిగి కుట్టేవారు.

ఫైబర్ పడవలకు ఈ శ్రమ లేదు, మంచిదే. జేమ్స్ హార్నెల్ 1920లో మన పడవల నిర్మాణాన్ని ఆంగ్లంలో గ్రంథస్థం చేశాడు. ఆ ముడుల పేర్లను, తెప్ప కట్టిన పెద్దలు ఉండగానే, మనం తెలుగులో రాసిపెట్టుకోవాలని నా కోరిక.