బోధన్ చరిత్రలో ఆఫ్ సీజన్

బోధన్ చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా రెండు చోట్ల ఆగుతారు. ఒకటి, అశ్మక జనపదానికి రాజధానిగా చెప్పుకునే పోదన నగరం. రెండోది, ఏడో నిజాం కాలంలో 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ. ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటని ఒకప్పుడు దానికి పేరు. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ ఏర్పడింది. 2002లో మెజారిటీ వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు, గానుగ ఆగింది. ఇలా చెబితే మా ఊరి ఆధునిక చరిత్ర ఒక ప్రారంభం, ఒక అమ్మకం, ఒక మూసివేతగా తేలుతుంది. నడుమనున్న డెబ్బై ఎనిమిదేళ్లు ఆ యంత్రాలు ఎలా తిరిగాయో, వాటిని తిప్పినవాళ్ల చేతుల్లో ఏ విద్య ఉండేదో ఆ కథలో కనబడదు. గానుగ ఆడిన నెలలను మాత్రమే లెక్కపెట్టి మనం ఫ్యాక్టరీ చరిత్ర రాసుకున్నాం. నిజానికి దాన్ని బతికించింది గానుగ ఆగిన నెలల్లో సాగిన మరమ్మతు. అరిగిన చైను లింకులను బాగుచేసే పనిని దగ్గరగా పరిశీలిస్తే ఈ సంగతి తేటపడుతుంది.

ముందు ఊరి భౌగోళికం చూడాలి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని ఈ నేలకు తెచ్చింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో సాగిన ఆ నిర్మాణం పూర్తయ్యాక కోస్తా జిల్లాల నుంచి రైతు కుటుంబాలు వచ్చి ఆయకట్టులో స్థిరపడ్డాయి. పేరు చివర ‘క్యాంపు’ అని ఉన్న పల్లెలు ఇప్పటికీ ఆ వలసకు గుర్తుగా ఉన్నాయి. నల్లరేగడికి కాలువ నీరు తోడైతే చెరకు బాగా పండుతుంది. కానీ చెరకు ఏడాది పొడవునా గానుగకు రాదు. చలి ముదిరే కొద్దీ గడలో తీపి పెరుగుతుంది, ఎండ ముదిరితే తగ్గుతుంది. అందుకే క్రషింగ్ సీజన్ సుమారుగా నవంబరులో మొదలై మార్చి, ఏప్రిల్ నెలలకు ముగుస్తుంది. అంటే చక్కెర ఫ్యాక్టరీ అనేది ఏడాదిలో సగం రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు గానుగ ఆడని ఫ్యాక్టరీ. ఈ ఖాళీని విశ్రాంతి కాలమనుకోవడం దగ్గరే మన చరిత్ర రచన దారి తప్పింది.

చైను ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే చెరకు నడిచే దారి చూడాలి. బండ్లు, ట్రాక్టర్లు, లారీలు దించిన గడ కేన్ క్యారియర్ మీద పడుతుంది. కత్తుల కింద ముక్కలై మొదటి గానుగలోకి వెళ్తుంది. ఒక గానుగ నుంచి మరో గానుగకు ఇంటర్ క్యారియర్లు మోస్తాయి. చివరి గానుగ దాటిన పిప్పిని ఎలివేటరు పైకెత్తి బాయిలరు వైపు పంపుతుంది. ఆ పిప్పి మండితేనే ఆవిరి, ఆ ఆవిరి ఉంటేనే గానుగ. ఈ దారిలో చాలా భాగం చైన్ల మీదే నడుస్తుంది. కాబట్టి ఎక్కడో ఒక లింకు తెగితే నష్టం ఆ లింకు దగ్గర ఆగదు. రోజుకు 2,400 టన్నులు ఆడే మిల్లు అనుకుందాం. గంట ఆగితే 100 టన్నుల చెరకు యార్డులో నిలిచిపోతుంది. కోసిన గడను వీలైతే ఒక రోజులోగా ఆడాలి. ఆలస్యమైతే అందులోని పంచదార విడిపోయి దిగుబడి పడిపోతుంది. గడ ఎండి తూకం తగ్గితే రైతుకు నష్టం, పంచదార తగ్గితే ఫ్యాక్టరీకి నష్టం. సీజన్‌లో ఒక లింకు ధర అంటే ఇనుము ధర కాదు, ఆగిపోయిన గంటల ధర. ఆ ధర చెల్లించకుండా ఉండాలంటే పని ముందే, వేసవిలోనో వానాకాలంలోనో జరిగిపోవాలి.

చైను అరగడంలోనే ఒక లెక్క ఉంది. పైకి చైను పొడవు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ ఇనుప ప్లేట్లేమీ సాగవు. లింకుకూ లింకుకూ మధ్య ఉన్న కీలులో పిన్ను, దాన్ని చుట్టిన బుష్ ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర ఒక మిల్లీమీటరు వదులైనా వంద లింకుల చైను పది సెంటీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు లింకు పొడవుకూ స్ప్రాకెట్ పళ్ల ఎడానికీ పొంతన కుదరదు. చైను పంటి మొదట్లో కూర్చోకుండా కొనవైపు ఎక్కుతుంది, పళ్లు కొక్కేల్లా వంగి అరుగుతాయి, చివరికి చైను జారుతుంది లేదా తెగుతుంది. చక్కెర మిల్లులో ఈ అరుగుదల మామూలు కంటే వేగంగా సాగుతుంది. చెరకు రసానికి పులుపు గుణం ఉంది కాబట్టి ఇనుమును తింటుంది. వేడి నీరూ రసమూ కలిసి గ్రీజును కడిగేస్తాయి. గడతో పాటు వచ్చే మట్టి, ఇసుక కీళ్లలో చేరి ఆకురాయిలా పనిచేస్తాయి. తడి రేగడిలో కోసిన చెరకు ఎంత మట్టిని మోసుకొస్తుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

మరమ్మతు పని పైకి సులువుగానే కనిపిస్తుంది. చైను దించి, కడిగి, నేల మీద బిగువుగా పరిచి, కొన్ని లింకుల పొడవు కలిపి కొలుస్తారు. స్ప్లిట్ పిన్ తీసి గానీ, దిమ్మకొట్టిన పిన్ తలను గ్రైండ్ చేసి గానీ, ప్లేటుకు అడుగున ఆనింపు పెట్టి పిన్నును బయటికి నెడతారు. బుష్‌ను ప్రెస్ మీద తీస్తారు. కొత్త పిన్నులు, బుష్‌లు లేత్ మీద తయారుచేసి, పై పొర గట్టిపడేలా కాల్చి చల్లార్చి, బిగువుగా ఎక్కిస్తారు. చేతిపని ఇంతే. విద్య అంతా నిర్ణయంలో ఉంది. చైను ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగుతుంది కాబట్టి పిన్ను ఒకవైపే అరుగుతుంది. దాన్ని సగం చుట్టు తిప్పి బిగించగలిగితే అరగని వైపు పనిలోకి వచ్చి ఇంకొంత కాలం నడుస్తుంది. అయితే అది ఏ పిన్నుకు చెల్లుతుంది, దేనికి చెల్లదు? ప్లేటు రంధ్రం కోలగా మారితే కొత్త పిన్ను అందులో నిలవదు, ఆ ప్లేటును పక్కన పెట్టాల్సిందే. అరిగిన చైనులో ఒక్క కొత్త లింకు కలిపితే దాని పొడవు మిగతావాటితో కలవదు. స్ప్రాకెట్ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ దెబ్బ దాని మీద, దాని పొరుగు కీళ్ల మీద పడుతుంది. పలకలు మోసే క్యారియరుకు రెండు వైపులా రెండు చైన్లు ఉంటాయి. ఒకదాన్ని బాగుచేసి రెండోదాన్ని వదిలేస్తే పలకలు వంకరగా నడుస్తాయి. కొత్త చైనును అరిగిన స్ప్రాకెట్ మీద వేస్తే చైనూ తొందరగా పాడవుతుంది. ఏ లింకు ఉంచాలి, ఏది మార్చాలి, ఏది వచ్చే ఏటి వరకూ ఆగుతుందని తేల్చడం ఈ విద్యలో అసలు భాగం.

దీనికి మొదటి అభ్యంతరం తేలిగ్గానే వస్తుంది. విడిభాగాలు దొరక్క చేసిన పనిని విద్య అని పొగడటం ఎందుకు, లేమి నేర్పిన తంటాలే కదా అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. మా ఫ్యాక్టరీ మొదలైన నాటికి దేశంలోని చక్కెర మిల్లుల యంత్రాల్లో ఎక్కువ భాగం బ్రిటన్, యూరప్ కంపెనీలవే. రెండేళ్లకే, 1939లో ప్రపంచయుద్ధం వచ్చి ఓడల రాకపోకలు దెబ్బతిన్నాయి. స్వాతంత్ర్యం తర్వాత దశాబ్దాల పాటు దిగుమతులకు లైసెన్సు కావాల్సి వచ్చింది. అయితే చైనును విప్పి, బాగుచేసి వాడటం లేమి కనిపెట్టిన పద్ధతి కాదు. అది ఆ యంత్రభాగం పుట్టుకలోనే ఉంది. అమెరికాలో విలియం డానా ఎవర్ట్ 1870లలో విడదీయగల లింకుల చైనును రూపొందించింది పొలం యంత్రం చైను తెగినప్పుడు రైతు అక్కడికక్కడే లింకు మార్చుకునేందుకే. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనాల్డ్ పేటెంటు పొందిన బుష్ రోలర్ చైను అరుగుదలను వెడల్పాటి బుష్ మీదికి మళ్లించింది. బరువంతా సన్నని ప్లేటు అంచు మీద పడకుండా మార్చదగిన భాగం మీద పడేలా చేయడం అందులోని తెలివి. కాబట్టి పిన్నూ బుషూ మార్చి ప్లేటును నిలుపుకున్న ఫిట్టరు చైను తయారీదారు ఉద్దేశించిన పనే చేశాడు. లేమి ఆ పని అవసరాన్ని పెంచింది, దాని విలువను తగ్గించలేదు.

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. బాగుచేసిన చైను కొత్తదానంత నమ్మకమైనది కాదు, వెల్డింగ్ అతుకులతో నడిపే మిల్లు ప్రమాదాలను పిలుచుకుంటుంది అంటారు. అతుకుడు పనీ మరమ్మతూ ఒకటే అయితే ఈ మాట కాదనలేం. రెండింటికీ తేడా ఉంది. గానుగ రోలరు పళ్ల మీద, చెరకు నరికే కత్తుల అంచు మీద వెల్డింగుతో గట్టి లోహం పేర్చడం చక్కెర మిల్లుల్లో సరైన పద్ధతే. అక్కడ కావలసింది రాపిడికి తట్టుకునే పై పొర. చైను ప్లేటు సంగతి వేరు. లాగుడు బలమంతా రంధ్రం చుట్టూ ఉన్న కొద్దిపాటి లోహం మీదే పడుతుంది. అక్కడ వెల్డింగు వేడి తగిలితే ఉక్కు పెళుసుబారి, పగులు అక్కడే మొదలవుతుంది. గట్టిపరచిన పిన్ను మీద వెల్డింగు చేస్తే దాని గట్టిదనమే పోతుంది. సీజన్ నడుమ చైను తెగినప్పుడు గంటలు దక్కించుకోవడానికి అతుకు వేసి ఉండవచ్చు. ఆఫ్ సీజన్ వచ్చాక ఆ అతుకును వెతికి తీసేయడమే మరమ్మతు. ఈ రెండింటి మధ్య గీత గీయగలిగిన మనిషి ఉన్న మిల్లులో ప్రమాదం తక్కువ. ఆ మనిషి లేని చోట కొత్త చైను కూడా కాపాడదు.

మూడోది ఆర్థిక వాదం. మరమ్మతు మీద ప్రేమే పాత యంత్రాలను లాగించింది, ఆధునికీకరణను వాయిదా వేయించింది, చివరికి ఫ్యాక్టరీ మూతపడటానికి అదీ ఒక కారణం అంటారు. పిన్ను మార్చి బాయిలరు సామర్థ్యం పెంచలేమన్నది నిజమే. పాత గానుగ ఎంత చక్కగా నడిచినా పిప్పిలో మిగిలిపోయే తీపి, ఎక్కువగా ఖర్చయ్యే ఆవిరి నష్టమే. వర్క్‌షాపు నైపుణ్యం పెట్టుబడికి బదులు కాలేదు, కానక్కరలేదు కూడా. అయితే యంత్రాలను మార్చాలా వద్దా అన్న నిర్ణయం ఏనాడూ ఫిట్టరు చేతిలో లేదు. డబ్బు, చెరకు ధర, చక్కెర ధర, యాజమాన్యం మార్పు, ప్రభుత్వాల విధానాలు దాన్ని నిర్ణయించాయి. పెట్టుబడి రాని ఏళ్లలో గానుగ ఆగకుండా చూసినవాళ్లను పెట్టుబడి రాకపోవడానికి బాధ్యులుగా చూపడం కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయడమే. పైగా కొత్త యంత్రమూ మొదటి సీజన్ నుంచే అరగడం మొదలుపెడుతుంది. ఆధునికీకరణ మరమ్మతు అవసరాన్ని రద్దు చేయదు, దాని కొలతలను ఇంకా బిగిస్తుంది.

నాలుగో అభ్యంతరం జ్ఞానం ఎవరిదన్నది. లెక్కలు ఇంజినీర్లవి, ఊరి మనుషులు చెప్పిన పని చేశారు, అందులో ఊరి చరిత్ర ఏముంది అని ప్రశ్న. దీనికి జీతాల పద్ధతే జవాబు చెబుతుంది. చక్కెర పరిశ్రమకు 1957లో కేంద్రం వేజ్ బోర్డును నియమించింది. సీజనల్ కార్మికులకు పని లేని నెలల్లో జీతంలో కొంత భాగం ఇచ్చే రిటెయినింగ్ అలవెన్సు ఈ పరిశ్రమలో స్థిరపడింది. నైపుణ్యం ఉన్నవారికి ఎక్కువ వంతు, లేనివారికి తక్కువ వంతు వచ్చేలా దాన్ని అమర్చారు. గానుగ ఆడని రోజుల్లో కూడా మనిషి చేజారిపోకుండా డబ్బు చెల్లించారంటే, మళ్లీ సీజనుకు అలాంటివాడు దొరకడం కష్టమని యాజమాన్యాలే ఒప్పుకున్నట్టు. పర్మినెంట్ ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఏడాదంతా పనిలో ఉండటమూ అందుకే. ఏ క్యారియరు ఏ మూల తొందరగా అరుగుతుందో, ఏ స్ప్రాకెట్ షాఫ్టు కాస్త పక్కకు వాలిందో డ్రాయింగులో ఉండదు. అది ఆ యంత్రంతో ఏళ్ల తరబడి గడిపినవారికే తెలుస్తుంది. ఇంజినీర్లు బదిలీ కావచ్చు, యాజమాన్యాలు మారవచ్చు. ఆ తెలివి మాత్రం శక్కర్‌నగర్ ఇళ్లలో, బోధన్ వాడల్లో మిగిలేది.

గానుగ ఆగాక ఇక్కడ చెరకు విస్తీర్ణం తగ్గి వరి, సోయా ముందుకొచ్చాయి. చైన్లు మాత్రం పోలేదు. కోత మిషను ముందుభాగం నుంచి పంటను లోపలికి లాగేవీ, గింజను పైకెత్తేవీ చైన్లే. అక్కడా అరిగేది పిన్నూ బుషూ రోలరే, అక్కడా శత్రువు మట్టీ పొట్టూ ఇసుకే. కోతల కాలంలో గంట ఆగితే వచ్చే నష్టమూ అదే తీరు. అయితే ఒక పెద్ద తేడా ఉంది. ఫ్యాక్టరీకి ఆఫ్ సీజన్ ఒక వ్యవస్థ. కొలత, రిజిస్టరు, లేత్, ప్రెస్, కొలిమి, తప్పు పట్టే పైవాడు, నేర్చుకునే కుర్రాడు ఒకే కప్పు కింద ఉండేవారు. రోడ్డు పక్క షెడ్డులో మిషను యజమాని తొందరే కొలత. అక్కడ పనిచేసేవారి తెలివికి లోటు లేదు, కానీ అరిగిన లింకును తీసి కొలిచేందుకు వ్యవధి ఇచ్చే ఏర్పాటు లేదు. ఫ్యాక్టరీతో పాటు ఊరు పోగొట్టుకున్నవాటిలో ఉద్యోగాలను అందరూ లెక్కపెట్టారు, ఈ ఏర్పాటును ఎవరూ లెక్కపెట్టలేదు.

అందుకే మా ఊరి చరిత్రకు కావలసిన కాగితాలు శిలాశాసనాలు, ఫర్మానాలు మాత్రమే కావు. ఓవర్‌హాలింగ్ రిజిస్టర్లు, స్టోర్సు ఇండెంట్లు, వర్క్‌షాపు జాబ్ కార్డులు, బ్రేక్‌డౌన్ లాగ్ పుస్తకాలు కూడా చరిత్రే. ఏ ఏడు ఎన్ని పిన్నులు తయారుచేశారో, ఏ క్యారియరు ఎన్ని గంటలు ఆగిందో వాటిలో ఉంటుంది. పైన చేసిన వాదం తప్పో ఒప్పో తేల్చేవి అవే. పాత ఇనుముతో పాటు అవీ తూకానికి పోకముందే దగ్గరపెట్టాలి. రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు చెప్పే కొలతలను రాసిపెట్టుకోవాలి. ఫ్యాక్టరీని మళ్లీ తెరవాలన్న మాట ఎన్నికలు వచ్చినప్పుడల్లా, కమిటీలు పడినప్పుడల్లా వినిపిస్తూనే ఉంది. డబ్బెంత, చెరకెంత, కొనేదెవరు అని అడుగుతున్నాం, అడగాల్సిందే. వాటితో పాటు మొదటి సీజన్ ముగిశాక చైన్లు దించి కొలిచేదెవరు అని కూడా అడగాలి. ఆ ప్రశ్నకు జవాబు లేని పునరుద్ధరణ పథకం రెండో సీజనుకే బయటి కాంట్రాక్టరు కోసం ఎదురుచూస్తుంది. జవాబు సిద్ధం చేసుకోవడానికి ప్రభుత్వ ఉత్తర్వు దాకా ఆగనక్కరలేదు, తెలిసినవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.