పిల్లి మెడలో గంట: ఓ చిన్న తారీఖ్

"బిల్లీ కే గలే మే ఘంటీ కౌన్ బాంధే?" అని ఉర్దూలో, "పిల్లి మెడలో గంట కట్టేదెవరు?" అని తెలుగులో మన పెద్దలు అంటూనే ఉంటారు. ఈ కిస్సా ఈసోపుదని చాలామంది అనుకుంటారు. కానీ ఈసోపు పాత సంకలనాల్లో ఇది లేదు. 13వ శతాబ్దంలో ఓడో ఆఫ్ చెరిటన్ అనే ఇంగ్లండ్ పాద్రీ నీతికథల్లో ఇది కనిపిస్తుంది. ఎలుకలన్నీ కూర్చుని మష్వరా చేశాయి, తద్బీర్ దొరికింది, గంట కట్టే హిమ్మత్ మాత్రం ఎవరికీ లేకపోయింది.

చివరికి ఆ పని ఇన్సానే చేశాడు. ఎలుకల మీద రహమ్‌తో కాదు, పిట్టల ఫికర్‌తో.

ఆ ఫికర్ ఎందుకో న్యూజిలాండ్‌లోని స్టీఫెన్స్ దీవి చెబుతుంది. 1894లో అక్కడ లైట్‌హౌస్ వెలిగింది. కాపలాదారులతోపాటు పిల్లీ వచ్చింది. ఆ దీవిలో ఎగరలేని చిన్న పిట్ట ఒకటి ఉండేది. పిల్లి చంపి తెచ్చిన పిట్టలను లయల్ అనే కాపలాదారు దాచి పండితులకు చేర్చాడు. అలా దాని సంగతి దునియాకు తెలిసింది, పిట్టకు ఆయన పేరే పెట్టారు. కొన్నేళ్ళకే ఆ జాతి ఖతం అయిపోయింది. ఒక్క పిల్లే అన్నిటినీ తినేసిందన్న కహానీ మష్హూర్ అయింది గానీ అది సహీ కాదు. పిల్లులు పెరిగి దీవంతా నిండాయి. వాటిని పూర్తిగా తొలగించేసరికి 1925 వచ్చింది.

మరి ఇంటి పిల్లికి గంట కడితే ఫాయిదా ఉందా? బ్రిటన్‌లో 2002లో అచ్చయిన పరిశోధనలో, గంట కట్టాక పిల్లులు ఇంటికి తెచ్చే షికారు దాదాపు సగానికి తగ్గింది. 2005 నాటి మరో పరిశోధనలో పిట్టల షికారు 41 శాతం, ఎలుకల వంటి జంతువులది 34 శాతం తగ్గాయి. 2021లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూస్తే మాత్రం గంట అసర్ స్పష్టంగా కనిపించలేదు. రంగురంగుల గుడ్డపట్టీ కడితే పిట్టల షికారు 42 శాతం తగ్గింది. మాంసం ఎక్కువగా ఉన్న, ధాన్యం లేని ఖానా పెడితే మొత్తం షికారు 36 శాతం, రోజూ కొద్ది నిమిషాలు ఆడిస్తే 25 శాతం తగ్గాయి.

మన ఇళ్ళల్లో ఇంకో సవాల్ కూడా ఉంది. గంట ఉన్న కాఫిలాతో ఫరిష్తాలు ఉండరన్న హదీసు గుర్తొచ్చి కొందరు వెనకాడతారు. ఆ మసలా ఉలమాలనే అడగండి. గంట వద్దనుకున్నవాళ్ళకు పైన చెప్పిన మూడు దారులూ ఉన్నాయి. పట్టీ ఏదైనా, కొమ్మకు చిక్కుకుంటే వెంటనే విడిపోయేదై ఉండాలి.

పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన ఔరత్ అజాబ్ పాలైందని మనం చిన్నప్పుడే విన్నాం. షికారు పిల్లి ఫిత్రత్, దాని మీద గుస్సా తగదు. బిల్లీని తెచ్చుకుంది మనం, కాబట్టి పెరట్లో పిచ్చుక జాన్ జిమ్మేదారీ కూడా మనదే. ఈ సాయంత్రం పిల్లల చేతికి ఓ దారం ముక్క ఇచ్చి, దాన్ని కాసేపు ఆడించమనండి.