సరిహద్దు దాటిన వర్ణవివక్ష: దక్షిణాఫ్రికా అప్రకటిత యుద్ధం

1948లో అధికారానికి వచ్చిన నేషనల్ పార్టీ వర్ణవివక్షను చట్టంగా మలిచిన తర్వాత పాతికేళ్లపాటు దక్షిణాఫ్రికా పాలకులకు ఇరుగుపొరుగు నుంచి చెప్పుకోదగ్గ భయం ఉండేది కాదు. పడమట అంగోలా, తూర్పున మొజాంబిక్ పోర్చుగీసు వలసలు. నడుమనున్న రొడీషియాను ఇయాన్ స్మిత్ నాయకత్వంలో పిడికెడు మంది తెల్లవారు, 1965 నవంబరు 11న బ్రిటన్‌తో నిమిత్తం లేకుండా స్వాతంత్ర్యం ప్రకటించుకుని, ఏలుతుండేవారు. నమీబియా నేరుగా దక్షిణాఫ్రికా పాలనలోనే ఉండేది. 1960 మార్చి 21న షార్ప్‌విల్‌లో పోలీసులు 69 మందిని కాల్చి చంపిన కొద్ది రోజులకే నిషేధానికి గురైన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ (ఎ.ఎన్.సి.), ప్రవాసంలో స్థిరంగా కాలూనడానికి టాంజానియా, జాంబియాల దాకా పోవలసి వచ్చింది. 1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో సైనికాధికారులు తమ దేశపు నియంతృత్వాన్ని కూలదోయడంతో ఈ రక్షణ వలయం బీటలువారింది. మరుసటి ఏడాది జూన్ 25న విముక్తి పోరాట సంస్థ ఫ్రెలిమో నాయకుడు సమోరా మాషెల్ అధ్యక్షుడుగా మొజాంబిక్, నవంబరు 11న మరో విముక్తి సంస్థ ఎం.పి.ఎల్.ఎ. నాయకుడు అగొస్టీన్యో నేటో అధ్యక్షుడుగా అంగోలా స్వతంత్ర దేశాలయ్యాయి. శ్వేతేతరులు తమను తాము పాలించుకోలేరన్న వాదం మీద నిలబడిన ప్రభుత్వానికి, వారు పాలించుకుంటున్న రెండు దేశాలు పక్కనే ఉండడం సైనికంగా కంటే రాజకీయంగా పెద్ద ప్రమాదమైంది.

అంగోలా స్వతంత్రం కావడానికి ముందే, 1975లో, ‘సవానా’ అనే సంకేతనామంతో దక్షిణాఫ్రికా దళాలు ఆ దేశంలోకి చొరబడ్డాయి. ఎం.పి.ఎల్.ఎ. రాజధాని లువాండాలో అధికారం చేపట్టకుండా ఆపడం వాటి లక్ష్యం. సైనికులకు తమ దేశపు గుర్తులున్న దుస్తులు లేవు. పట్టుబడితే కిరాయి సైనికులమని చెప్పుకోవాలి. రక్షణ చట్టం కింద పత్రికల నోరు కట్టేయడంతో, విదేశీ పత్రికలు రోజూ రాస్తున్న ఈ దాడి గురించి, సరిహద్దుకు కొడుకులను పంపిన తల్లిదండ్రులకే వారాల తరబడి తెలియలేదు. క్యూబా సేనలు దిగి దారి కాచాక, అమెరికా కాంగ్రెసు అంగోలాలోని రహస్య సహాయానికి నిధులు నిలిపివేశాక, 1976 మార్చి నాటికి ఆ దళాలు వెనుదిరిగాయి. ప్రిటోరియా పాలకులు ఈ వైఫల్యం నుంచి దాడి తప్పన్న పాఠం నేర్చుకోలేదు. దాడి చేసినది తామేనని తెలియడం తప్పన్న పాఠం నేర్చుకున్నారు. ఆ తర్వాతి పదిహేనేళ్ల చరిత్ర చాలావరకు ఈ పాఠాన్ని ఆచరణలో పెట్టిన చరిత్రే.

ఈ ఆచరణకు సిద్ధాంత రూపం 1977 నాటి రక్షణ శ్వేతపత్రంలో కనిపిస్తుంది. వలస యుద్ధాల్లో ఆరితేరిన ఫ్రెంచి సేనాని ఆంద్రే బోఫ్ర్ రచనలు అక్కడి సైనిక కళాశాలల్లో పాఠాలుగా ఉండేవి. యుద్ధమంటే సైన్యాల పోరు మాత్రమే కాదని, ఆర్థిక వ్యవస్థ, దౌత్యం, ప్రచారం, మనస్తత్వం అన్నీ రణరంగాలేనని ఆయన వాదం. దక్షిణాఫ్రికా మీద కమ్యూనిస్టులు ‘సర్వతోముఖ దాడి’ చేస్తున్నారని, దానికి ‘సర్వతోముఖ వ్యూహం’తోనే బదులివ్వాలని అప్పటి రక్షణ మంత్రి పి.డబ్ల్యు. బోతా, సైన్యాధిపతి మాగ్నస్ మలాన్ ప్రతిపాదించారు. 1978లో బోతా ప్రధాని కాగా, 1980లో మలాన్ రక్షణ మంత్రి అయ్యాడు. అసలు నిర్ణయాలు మంత్రివర్గం నుంచి, సేనాధిపతులూ గూఢచారి శాఖల అధిపతులూ కూర్చునే రాజ్య భద్రతా మండలికి తరలిపోయాయి. 1976 జూన్ 16న సొవెటో విద్యార్థుల మీద కాల్పులు జరిపిన రాజ్యమూ, పొరుగు దేశంలో వంతెనలు పేల్చిన రాజ్యమూ వేరువేరు కావు. లోపలి అసమ్మతినీ బయటి స్వాతంత్ర్యాన్నీ ఒకే శత్రువుకున్న రెండు చేతులుగానే ఆ రాజ్యం చూసింది.

ఈ వ్యూహానికి మొదటి ముఖం ఆర్థికమైనది. చుట్టూ ఉన్న దేశాలన్నీ ప్రిటోరియా మీద ఆధారపడే ఒక ‘రాజ్యాల కూటమి’గా ఏర్పడాలని బోతా 1979లో ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న లుసాకాలో అంగోలా, బోట్స్వానా, లెసోతో, మలావి, మొజాంబిక్, స్వాజీలాండ్, టాంజానియా, జాంబియా, జింబాబ్వే కలిసి, దక్షిణాఫ్రికా మీద ఆధారపడడం తగ్గించుకోవడమే ధ్యేయంగా ఒక అభివృద్ధి సమన్వయ సంఘాన్ని స్థాపించుకున్నాయి. ఇక్కడ భూగోళాన్ని గమనించాలి. ఈ తొమ్మిదింటిలో ఆరు దేశాలకు సముద్రతీరం లేదు; వాటి రాగి, పొగాకు, మొక్కజొన్న ఓడకెక్కాలంటే మొజాంబిక్‌లోని బెయిరా, మపూటో, నకాలా రేవులకో, బెంగ్వేలా రైలుమార్గం మీదుగా అంగోలాలోని లొబీటోకో చేరాలి; అవి మూతబడితే దూరమూ ఖర్చూ భరించి దర్బన్ వంటి దక్షిణాఫ్రికా రేవులే గతి. కనుక కొన్ని రైలు వంతెనలను పని చేయనివ్వకుండా ఉంచగలిగితే చాలు, ఖండపు దక్షిణ భాగం ప్రిటోరియా గుప్పిట్లో ఉంటుంది. జింబాబ్వే సమృద్ధిగా పంట పండించుకున్న 1981లోనే దక్షిణాఫ్రికా ఆ దేశానికి అద్దెకిచ్చిన రైలు ఇంజన్లను వెనక్కి పిలిపించుకోవడం ఈ లెక్కలోని భాగమే.

ఆ వంతెనలను కూల్చే పనికి తగిన సాధనం 1980లో తయారుగా దొరికింది. మొజాంబిక్ జాతీయ ప్రతిఘటన, పొట్టిపేరున రెనామో, ఆ దేశపు గర్భం నుంచి పుట్టిన సంస్థ కాదు. తమ మీద పోరాడుతున్న గెరిల్లాలకు మాషెల్ ఆశ్రయమిస్తున్నాడన్న కసితో రొడీషియా గూఢచారి శాఖ పెంచిన దళమని, ఆ శాఖ అధిపతి కెన్ ఫ్లవర్ స్వయంగా తన జ్ఞాపకాల గ్రంథంలో ఒప్పుకున్నాడు. రొడీషియా జింబాబ్వేగా మారడంతో అనాథ కావలసిన ఆ దళాన్ని దక్షిణాఫ్రికా సైనిక గూఢచారి విభాగం ట్రాన్స్‌వాల్‌కు తరలించి, ఫలబోర్వా దగ్గర శిక్షణ శిబిరం ఏర్పరచి, ఆయుధాలు, రేడియో ప్రసారాలు, విమానాల ద్వారా సరఫరాలు సమకూర్చింది. కొన్ని వందల మంది ఉన్న దళం కొద్ది ఏళ్లలో వేలకు పెరిగింది. అందులో చాలామంది ఊళ్ల నుంచి ఎత్తుకుపోయిన యువకులు, పిల్లలు. వారి లక్ష్యాలు సైనిక స్థావరాల కంటే రైలుమార్గాలు, బడులు, ఆరోగ్య కేంద్రాలు, అంగళ్లు. గెరిల్లా సైన్యం సాధారణంగా ప్రజల మధ్య ఒక ప్రత్యామ్నాయ పాలన నెలకొల్పాలని చూస్తుంది. ఈ దళానికి అలాంటి కార్యక్రమం దాదాపు లేదు, ఎందుకంటే దానిని నడిపినవారికి మొజాంబిక్‌లో మరో ప్రభుత్వం కంటే ఏ ప్రభుత్వమూ పని చేయకపోవడమే కావలసింది. 1982 డిసెంబరులో బెయిరాలోని ఇంధన నిల్వలు తగలబడినప్పుడు, గొట్టపు మార్గం ద్వారా వచ్చే చమురు మీద బతికే జింబాబ్వేలో పండుగ పూట పెట్రోలు బంకుల ముందు బారులు తీరాయి. జింబాబ్వే తన సైన్యాన్ని వేల సంఖ్యలో పంపి, బెయిరా మార్గాన్ని కాపలా కాసుకోవలసి వచ్చింది.

రెనామోకు లోపల ఎలాంటి ఆధారమూ లేదనడం కూడా సత్యం కాదు. సంప్రదాయ గ్రామ పెద్దలను తొలగించి, రైతులను సామూహిక గ్రామాల్లోకి బలవంతంగా తరలించిన ఫ్రెలిమో విధానాల వల్ల కొన్ని ప్రాంతాల్లో పుట్టిన అసంతృప్తి ఆ దళానికి ఆసరా అయింది. కానీ అసంతృప్తి ఉన్న చోటల్లా పదహారేళ్ల యుద్ధం పుట్టదు. దానికి బయటి నుంచి తూటాలు అందాలి.

చిన్న దేశాల మీద పద్ధతి వేరు. 1982 డిసెంబరు 9 తెల్లవారుజామున లెసోతో రాజధాని మసేరు మీద దక్షిణాఫ్రికా కమాండోలు దాడి చేసి 42 మందిని చంపారు. వారిలో 30 మంది దక్షిణాఫ్రికా శరణార్థులు, 12 మంది లెసోతో పౌరులు. నాలుగు పక్కలా దక్షిణాఫ్రికాయే ఉన్న ఆ దేశానికి 1986 జనవరిలో సరిహద్దులు మూసివేయగా, మూడు వారాలు గడవకముందే అక్కడి సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది; కొత్త పాలకులు ఎ.ఎన్.సి. కార్యకర్తలను పంపివేశారు. 1985 జూన్‌లో బోట్స్వానా రాజధాని గాబరోన్‌లో 12 మంది హతులయ్యారు. 1982 ఆగస్టులో మపూటో విశ్వవిద్యాలయంలో పార్సిల్ బాంబుతో రూత్ ఫస్ట్‌ను హతమార్చారు. చరిత్రకారిణి, పాత్రికేయురాలు అయిన ఆమె చేతిలో ఉన్న ఆయుధం కలమే. హిందూ మహాసముద్రంలోని సేషెల్స్‌లో 1981 నవంబరులో తిరుగుబాటు జరపబోయి విఫలమైన కిరాయి సైనికులు, అక్కడ దిగిన ఎయిర్ ఇండియా విమానాన్ని దారి మళ్లించుకుని దర్బన్‌కు పారిపోగా, అప్పుడు గాని ఆ పథకంలో దక్షిణాఫ్రికా గూఢచారుల పాత్ర బయటపడలేదు.

ఈ ఒత్తిడికి తలొగ్గి, దేశాన్ని నిలబెట్టుకోవడానికి మాషెల్ 1984 మార్చి 16న న్కొమాటి నది ఒడ్డున బోతాతో ఒప్పందం చేసుకున్నాడు. ఎ.ఎన్.సి. సాయుధ కార్యకలాపాలకు మొజాంబిక్ చోటివ్వదు, రెనామోకు దక్షిణాఫ్రికా సాయం చేయదు. మొజాంబిక్ తన మాట నిలుపుకుని వందలాది ఎ.ఎన్.సి. కార్యకర్తలను పంపివేసింది. ప్రిటోరియా నిలుపుకోలేదు. 1985 ఆగస్టులో గొరొంగోసా అడవిలోని రెనామో ప్రధాన స్థావరం పట్టుబడినప్పుడు, ఒప్పందం తర్వాత కూడా సరఫరాలు సాగినట్టు, దక్షిణాఫ్రికా విదేశాంగ ఉపమంత్రి లూయీ నెల్ ఆ స్థావరానికే వచ్చి వెళ్లినట్టు రాసిన దినచర్య పుస్తకం దొరికింది. విదేశాంగ మంత్రి పిక్ బోతా దానిని ‘సాంకేతిక ఉల్లంఘన’ అని సరిపెట్టాడు. బెదిరింపుతో రాయించుకున్న సంతకానికి బెదిరించినవాడు కట్టుబడడని ఈ దస్తావేజు నిరూపించింది. మాషెల్ ప్రయాణిస్తున్న విమానం 1986 అక్టోబరు 19న దక్షిణాఫ్రికా భూభాగంలోని ఎంబుజీని కొండల్లో కూలిపోయి ఆయన మరణించాడు. దక్షిణాఫ్రికా విచారణ సంఘం సోవియట్ విమాన సిబ్బందిని తప్పుపట్టింది, దొంగ సంకేతంతో దారి తప్పించారని సోవియట్ పక్షం ఆరోపించింది, వర్ణవివక్ష ముగిశాక దక్షిణాఫ్రికా ఏర్పరచిన సత్యశోధన సంఘం సైతం తీర్పు చెప్పలేకపోయింది.

అంగోలాలో ముసుగు పలచన. నమీబియా విముక్తికి పోరాడుతున్న స్వాపో గెరిల్లాలను తరుముతున్నామన్న మిషతో 1978 మే 4న కసింగా శిబిరం మీద బాంబులు వేసి దాదాపు 600 మందిని చంపిన దక్షిణాఫ్రికా, 1981 నుంచి కునేనే రాష్ట్రంలో చాలా భాగాన్ని ఆక్రమించుకుని కూర్చుంది. ఆగ్నేయాన జంబాలో జొనాస్ సవింబీ నాయకత్వంలోని తిరుగుబాటు సంస్థ యునిటాను పోషించింది. 1985లో కబిండా చమురు కేంద్రాన్ని పేల్చబోయి పట్టుబడిన కెప్టెన్ వైనాండ్ దు తోయి, ఆ పనిని యునిటా ఖాతాలో వేయాలన్నది పథకమని విలేకరుల ఎదుట చెప్పాడు. ‘నిర్మాణాత్మక సంబంధం’ పేరిట రీగన్ ప్రభుత్వం అనుసరించిన మెత్తని వైఖరి, 1986 నుంచి యునిటాకు చేరిన అమెరికా ఆయుధాలు ఈ యుద్ధానికి ఆయువు పోశాయి. 1987–88లో క్విటో క్వానవాలే దగ్గర ప్రతిష్టంభన ఏర్పడి, తెల్లజాతి సైనికుల మరణాలు ఇక దాచలేని స్థితి వచ్చినప్పుడే 1988 డిసెంబరు 22న న్యూయార్క్ ఒప్పందాలు కుదిరాయి; 1990 మార్చి 21న నమీబియా స్వతంత్రమైంది.

మూల్యం పొరుగువారు చెల్లించారు. అంగోలా, మొజాంబిక్‌లలో 1986 ఒక్క ఏడాదే యుద్ధం, దాని పర్యవసానాల వల్ల అయిదేళ్లలోపు పిల్లలు 1,40,000 మంది చనిపోయారని యునిసెఫ్ లెక్కగట్టింది. తూటా తగిలి చనిపోయిన పిల్లలు వీరిలో కొద్దిమందే. టీకా అందక, పొలం దున్నలేక, ధాన్యం లారీ దారిలో తగలబడి చనిపోయినవారే ఎక్కువ. 1980–88 మధ్య ఆ ప్రాంతం 6,000 కోట్ల డాలర్లు, 15 లక్షల ప్రాణాలు నష్టపోయిందని ఐక్యరాజ్యసమితి ఆఫ్రికా ఆర్థిక సంఘం 1989లో అంచనా వేసింది. జింబాబ్వేలోని మాటబెలెలాండ్‌లో దక్షిణాఫ్రికా ఎగదోసిన కొద్దిమంది సాయుధులను సాకుగా చూపి ముగాబే ప్రభుత్వం తన పౌరులనే వేల సంఖ్యలో చంపించిన ఉదంతాన్ని కూడా ఈ ఖాతా పక్కనే రాసుకోవాలి. సాకు ఇచ్చినవాడి నేరం సాకు వాడుకున్నవాడి నేరాన్ని తగ్గించదు.

1986 మే 19న భారత మాజీ విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ కూడా సభ్యుడుగా ఉన్న కామన్వెల్త్ ప్రముఖుల బృందం రాజీ కుదర్చడానికి దక్షిణాఫ్రికాలో ఉండగానే, హరారే, లుసాకా, గాబరోన్‌ల మీద ఒకే రోజు దాడులు జరిగాయి. బృందం ప్రయత్నం అంతటితో ముగిసింది. అదే ఏడాది సెప్టెంబరులో హరారేలో జరిగిన అలీన దేశాల శిఖరాగ్ర సభ, వర్ణవివక్షకు ఎదురు నిలిచిన పొరుగు దేశాలకు, అంటే ‘ముందువరుస దేశాల’కు, తోడ్పడేందుకు రాజీవ్ గాంధీ అధ్యక్షతన ఆఫ్రికా నిధిని ఏర్పరచింది. ఈ యుద్ధపు నీడ నటాల్‌లోని భారతీయుల మీద, వారిలో 1860 తర్వాత మద్రాసు రేవు నుంచి చెరకు తోటలకు వెళ్లిన తెలుగువారి వారసుల మీద కూడా పడింది. 1984లో వారికి ప్రత్యేక చట్టసభ ఇవ్వజూపినప్పుడు, దాని వెంట నిర్బంధ సైనిక సేవ కూడా వస్తుందన్న హెచ్చరిక నటాల్ ఇండియన్ కాంగ్రెస్ బహిష్కరణ ప్రచారంలో ముఖ్యమైనది. ఓటర్లలో అత్యధికులు ఆ ఎన్నికకు దూరంగా ఉన్నారు.

మొజాంబిక్ యుద్ధాన్ని ముగించిన 1992 అక్టోబరు 4 నాటి రోమ్ ఒప్పందంలో పక్షాలు ఫ్రెలిమో ప్రభుత్వం, రెనామో మాత్రమే. ప్రకటించని యుద్ధం కనుక, దానిని ఏళ్ల తరబడి నడిపినవారు సంధి చేసుకోవలసిన అవసరమూ, పరిహారం చెల్లించవలసిన బాధ్యతా లేకుండానే తప్పుకున్నారు. తన ప్రాణాలు కాపాడుకోవడానికి వర్ణవివక్ష రాజ్యం బలిగొన్నవారిలో ఎక్కువమంది దేశం వెలుపలివారేనని సత్యశోధన సంఘం 1998లో నిర్ధారించింది. కానీ శిక్షల మాట వచ్చేసరికి సరిహద్దు మళ్లీ అడ్డుగోడ అయింది. రసాయన, జీవాయుధ కార్యక్రమాన్ని నడిపిన సైనిక వైద్యుడు వౌటర్ బాసన్ మీద మోపిన అభియోగాల్లో, విదేశాల్లో హత్యలకు కుట్ర పన్నాడన్న ఆరింటిని, ఆ నేరాలు దేశం బయట జరగవలసినవన్న కారణంతో విచారణ న్యాయస్థానం 1999లో కొట్టివేసింది. ఆ కొట్టివేత చెల్లదని రాజ్యాంగ న్యాయస్థానం 2005 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. అయినా ప్రాసిక్యూషన్ సంస్థ వాటిని తిరిగి మోపలేదు.