లినక్సు గొంతు విప్పిన వైనం



లిపి కంటికి సంబంధించినది, భాష చెవికి సంబంధించినది. పదవీవిరమణ చేసిన తెలుగు పండితుణ్ణి కనుక నాకు రెండవదానిపైనే మక్కువ ఎక్కువ. లినక్సులో సౌండు కార్డు పలకడం నేడు మనకు సహజంగా తోస్తుంది గాని, దాని వెనుక మూడు దశాబ్దాల కృషి ఉంది.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సు కెర్నెలును వెలువరించారు. అప్పుడు దానికి సౌండు కార్డును పలికించే శక్తి లేదు. సింగపూరుకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ కార్డు అప్పటికే ప్రసిద్ధం. దానికి లినక్సు డ్రైవరును 1992లో మరొక ఫిన్లాండు వాసి హన్ను సవొలైనెన్ వ్రాశారు. అదే క్రమంగా ఓపెన్ సౌండ్ సిస్టమ్, అనగా ఓఎస్ఎస్, అయింది. యూనిక్సు సంప్రదాయంలో పరికరం కూడా ఒక ఫైలే. ధ్వని సమాచారాన్ని ఆ ఫైలులోనికి పంపితే చాలు, కార్డు పలికేది.

అయితే ఆనాటి కార్డులు చాలావరకు తమ ఉనికిని తాము చెప్పుకోలేవు. పోర్టు 220, ఐఆర్‌క్యూ 5, డీఎమ్ఏ 1 అంటూ వాటి చిరునామాను మనిషే చెప్పవలసి వచ్చేది. ఒక్క అంకె తప్పినా మౌనమే. ఈ శ్రమను తగ్గించడానికి రెడ్ హ్యాట్ వారు సౌండ్‌కాన్ఫిగ్ అనే పనిముట్టును అందించారు. అమరిక ముగిశాక పరీక్షకై అది వినిపించే స్వరం ఎవరిదనుకున్నారు? సాక్షాత్తు టోర్వాల్డ్స్‌ది! లినక్సు అన్న మాటను తాను ఎట్లా ఉచ్చరిస్తాడో ఆయన 1994లో స్వీడిష్, ఆంగ్ల భాషలలో చెప్పి ఉంచిన ధ్వనిముద్రణ అది. తన పేరును సరిగా పలకడమే ఆ వ్యవస్థకు తొలి పాఠమైంది. ఉచ్చారణ దిద్దుతూ జీవితం గడిపిన నాకు ఇంతకన్న ముచ్చటైన విషయం ఏముంటుంది?

తరువాత కథ మలుపు తిరిగింది. సవొలైనెన్ ఫోర్‌ఫ్రంట్ సంస్థ ద్వారా మెరుగైన ఓఎస్ఎస్‌ను విక్రయించసాగారు. శ్రమకు ప్రతిఫలం కోరడం నేరం కాదు. కాని కెర్నెలులోని ఉచిత రూపం వెనుకబడింది. పైగా చాలా కార్డులపై ఒక ప్రోగ్రాము పలుకుతుంటే మరొకటి నోరు మూసుకొనవలసిందే. గ్రావిస్ అల్ట్రాసౌండ్ కార్డుకు డ్రైవరు వ్రాస్తున్న చెక్ దేశీయుడు యారొస్లావ్ కిసెలా ఆ పనినే విస్తరించి 1998లో ఆల్సాకు శ్రీకారం చుట్టారు. అది 2002లో అభివృద్ధి దశలోని 2.5 కెర్నెలులో చేరి, 2003 డిసెంబరులో వచ్చిన 2.6తో అందరికీ అందింది. ఓఎస్ఎస్ మూలాన్ని 2007లో మళ్ళీ స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేశారు. కాని అప్పటికే ఊరంతా కొత్త బాట పట్టింది.

ఆల్సాకు ఒక వింత అలవాటు ఉండేది. డ్రైవరు సక్రమంగా ఎక్కినా, తొలుత అన్ని మార్గాలనూ మూసి ఉంచేది. ఆల్సామిక్సరులో కనబడే రెండు 'ఎం'లు ఆ మౌనవ్రతానికి గుర్తు. మా ఇంటి పాత యంత్రంలో ఎం మీట నొక్కి ఆ వ్రతం విడిపించిన క్షణం నాకింకా జ్ఞాపకమే.

అనేక ప్రోగ్రాముల ధ్వనులను కలిపే బాధ్యతను లెనార్ట్ పోటరింగ్ 2004లో ప్రారంభించిన పల్స్ఆడియో స్వీకరించింది. 2007లో ఫెడోరా 8 దానిని ప్రవేశపెట్టినపుడు చికాకులు తప్పలేదు. విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34తో దాని స్థానంలోకి వచ్చింది. అయినా అడుగున నేటికీ ఆల్సాయే ఉంది.

పాణినీయ శిక్ష ధ్వని పుట్టుకను వరుసగా చెబుతుంది: ఆత్మ బుద్ధితో కూడి మనస్సును ప్రేరేపిస్తుంది, మనస్సు దేహాగ్నిని, అగ్ని వాయువును కదిలిస్తాయి, ఆపైన శబ్దం. ఇక్కడా అంతే. ప్రోగ్రాము పైప్‌వైరును, అది ఆల్సాను, ఆల్సా కార్డును కదిలిస్తాయి. నడుమ ఏ ఒక్కటి పలకకున్నా మిగిలేది మౌనమే.

పాట వినబడకపోతే మనకు కొంత విసుగు, అంతే. కాని చూపు లేనివారు ఓర్కా వంటి తెర చదువరితో పనిచేస్తారు. ఈ-స్పీక్ వారికి తెలుగును సైతం చదివి వినిపిస్తుంది. వారికి సౌండు కార్డు మూగపోవడమంటే తెర ఆరిపోవడమే. అందుకే గొంతుకు దారి ఎవరి చేతిలో ఉందన్నది చిన్న ప్రశ్న కాదు. ఒకరు విడిచిన చోట మరొకరు అందుకోగలిగారంటే, ఆ దారి బహిరంగంగా ఉన్నందువల్లనే.